ల్యాప్‌టాప్‌లో వస్తున్న ఫోటోలు సైట్‌లో పెట్టాక ఎందుకు రావట్లేదు? నన్ను మూడు రోజులు తిప్పిన ఐత్వం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అత్తయ్యగారి పచ్చళ్ళ వ్యాపారానికి సైట్ చేశారు. మీ విండోస్ ల్యాప్‌టాప్‌లో పేజీ తెరిస్తే 22 ఫోటోలూ వస్తున్నాయి. హోస్టింగ్‌లో (సైట్‌ని నెట్‌లో ఉంచే అద్దె సర్వర్‌లో) పెట్టాక 14 వస్తున్నాయి, మిగతా ఎనిమిది చోట్ల చిరిగిన బొమ్మ గుర్తు. క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు) క్లియర్ చేశారు, క్రోమ్ తీసేసి మళ్ళీ వేశారు, ఫోన్‌లోనూ చూశారు. ఎక్కడ చూసినా అవే ఎనిమిది రావట్లేదు.

ముందు క్రోమ్‌ని వదిలేయండి, పాపం దాని తప్పేం లేదు. రెండు మెషీన్లలో సరిగ్గా అవే ఎనిమిది రావట్లేదంటే చూసేవాళ్ళ వైపు వెతకడం దండగ. ఏ ఫోరమ్‌లో అడిగినా మొదటి జవాబు "క్యాష్ క్లియర్ చేయండి" అనే వస్తుంది. జ్వరమంటే పారాసిటమాల్ ఇచ్చినట్టు. నేనూ ఒకప్పుడు అదే చెప్పేవాణ్ణి.

చేయాల్సింది ఇది. సైట్ తెరిచి ఎఫ్ 12 నొక్కండి. కింద గానీ పక్కన గానీ ఒక ప్యానెల్ వస్తుంది, అందులో నెట్‌వర్క్ అనే ట్యాబ్‌కి వెళ్ళండి. ఆ ట్యాబ్ తెరిచి ఉంచి పేజీ రీలోడ్ చేయాలి, లేకపోతే ఖాళీగా కనిపిస్తుంది. పైన ఇమేజెస్ అని ఫిల్టర్ పెడితే ఫోటోలు మాత్రమే వరుసగా మిగులుతాయి. రాని వాటి పక్కన స్టేటస్ గడిలో ఏ నంబరు ఉందో చూడండి. బ్రౌజర్ ఫోటో అడిగితే సర్వర్ ఏం జవాబిచ్చిందో ఆ నంబరు చెబుతుంది. అది తెలియకుండా ఇంకేం చేసినా చీకట్లో తడుముకోవడమే.

మీది 404 అని నా పందెం. అంటే "ఆ పేరుతో నా దగ్గర ఫైలు లేదు" అని సర్వర్ అంటోంది. మీరేమో "ఉంది కదా, నా కళ్ళతో చూస్తున్నా" అంటారు. ఉంది, కానీ ఆ పేరుతో లేదు. విండోస్‌కి ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్ అక్షరాలు), చిన్నబడి (స్మాల్ అక్షరాలు) పట్టింపు లేదు. కెమెరా ఫైలు పేరు చివర పెద్దబడిలో జేపీజీ అని పెట్టి ఉంటుంది, మీరు పేజీలో చిన్నబడిలో రాసి ఉంటారు. విండోస్ సర్దుకుపోయి తెరిచేస్తుంది. మామూలు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) దాదాపు ఎప్పుడూ లినక్సే, అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. దానికి పెద్ద ఏ వేరు, చిన్న ఏ వేరు. మీ 14 ఫోటోలు వాట్సాప్‌లో వచ్చినవో, ఎడిట్ చేసి సేవ్ చేసినవో అయి, ఆ ఎనిమిదీ నేరుగా కెమెరా కార్డు నుంచి కాపీ చేసినవైతే నా పందెం గెలిచినట్టే.

చూసుకోవడం తేలిక. హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లోకి వెళ్ళి, రాని ఫైలు పేరు అక్కడే కాపీ చేసి, పేజీ కోడ్‌లో పేస్ట్ చేయండి. టైప్ చేయొద్దు, కాపీనే చేయండి. ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, నాకు జరిగింది వినండి.

2019లో మా బాబాయి వరసాయన ఒకాయన విజయవాడలో టూర్ బస్సులు తిప్పేవాడు. ఆయనకు సైట్ చేసిపెట్టాను. ఒక్కో ఊరికీ ఒక్కో ఫోటో, ఫైలు పేరు కూడా తెలుగులోనే ఉండాలని ఆయన పట్టు. "ఊరి పేరు ఇంగ్లీషులో ఎందుకురా, మన బస్సెక్కేది మనోళ్ళే కదా" అన్నాడు. సరే అన్నాను. ఫోటోలు తీసిన కుర్రాడి దగ్గర పాత ఐమ్యాక్ ఒకటి ఉండేది. వాడే పేర్లు పెట్టి, ఎఫ్‌టీపీలో (సర్వర్‌కి ఫైళ్ళు పంపే పద్ధతి) నేరుగా సర్వర్‌కి ఎక్కించాడు. పేజీ కోడ్ మాత్రం నేను నా విండోస్ మెషీన్ మీద రాశాను.

తిరుపతి వచ్చింది. అరకు వచ్చింది. భద్రాచలం, అన్నవరం, మంత్రాలయం, లేపాక్షి వచ్చాయి. శ్రీశైలం రాలేదు. వైజాగ్, హైదరాబాద్ కూడా రాలేదు. బాబాయికి ఎక్కువ బేరం శ్రీశైలానికే. పొద్దున్నే ఫోన్: "ఒరేయ్, మల్లన్న ఏడిరా?"

ఫైలు సైజు ఎక్కువేమో అనుకున్నాను. శ్రీశైలం ఆరు ఎంబీ, కానీ అరకు ఏడు ఎంబీ ఉండి కూడా వస్తోంది. ఫైలు పాడైందేమో అని కుర్రాడితో మళ్ళీ ఎక్కించాను. ఊహూఁ. మూడోసారీ అంతే. వాడి మ్యాక్‌లో మొత్తం సైట్ కాపీ పెట్టుకుని తెరిస్తే శ్రీశైలంతో సహా అన్నీ వస్తున్నాయట! "అన్నా, నా దగ్గర బానే ఉంది" అంటాడు. ఈ మాట వినగానే నాకు ఒళ్ళు మండేది. నిజానికి అసలు ఆచూకీ ఆ మాటలోనే ఉంది, నేను పట్టించుకోలేదు.

రాని పేర్లు ఒక కాగితం మీద రాసి దాని వంక చూస్తూ కూర్చున్నాను. శ్రీశైలం, వైజాగ్, హైదరాబాద్, కైలాసగిరి. మా అమ్మ తెలుగు పండిట్‌గా చేసి రిటైరైంది. కాఫీ పెట్టి వెళ్తూ కాగితం చూసి, "ఏంట్రా, ఐత్వాలు దిద్దుతున్నావా?" అంది. అంతే. నాలుగింటిలోనూ ఐత్వం ఉంది. వచ్చిన వాటిలో ఒక్కదానిలోనూ లేదు.

ఆ ఫోటోల ఫోల్డర్‌లో ఇండెక్స్ ఫైలు (ఫోల్డర్ తెరిస్తే మొదట కనిపించే పేజీ) లేదు కాబట్టి దాని అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే లోపలున్న ఫైళ్ళ జాబితా కనిపించేది (అలా కనిపించడం మంచిది కాదు, తర్వాత మూసేశాను). అక్కడ శ్రీశైలం మీద నొక్కితే ఫోటో దర్జాగా తెరుచుకుంది. ఆ అడ్రస్ కాపీ చేశాను. నా పేజీ అడుగుతున్న అడ్రస్ కూడా నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి కాపీ చేసి, రెండూ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టాను. వెబ్ అడ్రస్‌లో తెలుగు అక్షరాలు శాతం గుర్తుల గొలుసుగా మారిపోతాయని తెలుసు కదా, ఒక్కో యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక కోడ్ ఇచ్చే పద్ధతి) గుర్తుకు మూడేసి ముక్కలు. శ్రీశైలంలో అలాంటివి ఎనిమిది: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మళ్ళీ శ, ఐత్వం, ల, సున్న. మూడు ఎనిమిదులు 24. నా పేజీ అడిగిన గొలుసులో 24 ముక్కలే ఉన్నాయి. సర్వర్ మీదున్న దాంట్లో 27.

చిన్నప్పుడు పలక మీద ఐత్వం ఎలా దిద్దాం? పైన ఎత్వం పెట్టి, కింద ఒక మెలిక. యూనికోడ్‌లో కూడా దాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. మొత్తం ఐత్వానికి ఒకే కోడ్ ఉంది, లేదా ఎత్వానికి ఒకటి, కింది మెలికకు ఒకటి కలిపి రెండు కోడ్‌లు. తెర మీద రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి, భూతద్దం పెట్టినా తేడా తెలియదు. మామూలు కీబోర్డులు మొదటి రకం ఇస్తాయి. పాత మ్యాక్‌లు వాడే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళు దాచే పద్ధతి) మాత్రం ఏ పేరు ఇచ్చినా విడగొట్టి రెండో రకంలో దాచుకుంటుంది. మనం ఎలా అడిగినా తనూ విడగొట్టి పోల్చుకుంటుంది కాబట్టి ఆ మ్యాక్‌లో ఇబ్బంది రాదు. ఆపిల్ 2017లో ఏపీఎఫ్‌ఎస్ అనే కొత్త పద్ధతికి మారి ఈ విడగొట్టి దాచడం మానింది, కానీ మనవాడి ఐమ్యాక్ అంతకు ముందుది. వాడు ఎఫ్‌టీపీలో పంపినప్పుడు విడిపోయిన పేరే సర్వర్‌కి చేరింది. లినక్స్‌కి తెలుగూ తెలియదు, ఐత్వమూ తెలియదు. 24 అడిగితే 27 ఇవ్వదు.

తెలుగులో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. అందుకే మిగతా ఊళ్ళన్నీ చక్కగా వచ్చాయి. ఒక్క అక్షరం కోసం మూడు రోజులు!

సర్వర్‌లో ఆ నాలుగు పేర్లూ నా చేత్తో మళ్ళీ టైప్ చేశాను, వెంటనే వచ్చేశాయి. వందల ఫైళ్ళుంటే లినక్స్‌లో కన్వ్‌ఎంవీ అనే చిన్న సాధనం పేర్లన్నిటినీ ఒకేసారి కలిపిన రూపంలోకి మారుస్తుంది. ఆ తర్వాత మాత్రం బాబాయిని ఒప్పించి ఫైలు పేర్లు చిన్నబడి ఇంగ్లీషులో, ఖాళీలు లేకుండా, మాటల మధ్య అడ్డగీతతో పెట్టాను. తెలుగు పేరు ఫోటో కింద క్యాప్షన్‌గానూ, ఫోటో రాకపోతే కనిపించే ఆల్ట్ మాటగానూ పెట్టాను. తెలుగు ఫైలు పేర్లు తప్పని నేననను, పనిచేస్తాయి. కాకపోతే లింకు వాట్సాప్‌లో పంపితే ఆ శాతాల గొలుసు చూసి ఇదేదో మోసం లింకని జనం భయపడతారు.

మీ సంగతికొస్తే, స్టేటస్ 404 కాకుండా ఇంకోటి ఉంటే దారి మారుతుంది.

403 ఉంటే ఫైలు ఉంది, ఇవ్వడానికి అనుమతి లేదు. మీ సొంత సర్వర్ అయితే ఫైల్ మేనేజర్‌లో పర్మిషన్ (ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే అంకెలు) చూడండి, ఫోటోలకు 644, ఫోల్డర్లకు 755 సాధారణం. ఫోటో అడ్రస్ ఇంకెవరి సైట్‌దో అయితే, వాళ్ళ ఫోటోలు బయటివాళ్ళు వాడకుండా తలుపేసి ఉంటారు. అది న్యాయమే, మీ ఫోటో మీరు తీసుకోండి.

200 ఉండి కూడా బొమ్మ రాకపోతే అది కాస్త గమ్మత్తైన కేసు. సర్వర్ ఏదో ఇచ్చింది, అది ఫోటో కాదు. ఆ వరుస మీద నొక్కి కంటెంట్ టైప్ చూడండి, ఇమేజ్ అని మొదలవ్వాలి. టెక్స్ట్ హెచ్‌టీఎంఎల్ అని ఉంటే ఫోటో అడ్రస్‌లో వెబ్ పేజీ పెట్టారన్నమాట. గూగుల్ డ్రైవ్ షేర్ లింకు తెచ్చి ఫోటో అడ్రస్‌గా పెట్టేవాళ్ళకు రోజూ జరిగేది ఇదే. ఆ లింకు ఫోటోని చూపించే పేజీది, ఫోటోది కాదు.

ఐఫోన్‌తో తీసిన ఫోటోలైతే ఇంకో సంగతి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి అవి హెచ్‌ఈఐసీ రకంలో సేవ్ అవుతాయి. పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు. జాడీ మీద ఆవకాయ అని చీటీ అంటిస్తే మాగాయ ఆవకాయ అవుతుందా? సఫారీ 17 నుంచి దాన్ని చూపిస్తుంది, క్రోమ్ చూపించదు. అనుమానముంటే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి గుర్తుల మధ్య మొదటి వరుసలోనే అసలు పేరు దొరుకుతుంది. పీఎన్‌జీ ఫైలైతే ఆ మూడు అక్షరాలే, వెబ్‌పీ అయితే ఆ మాటే, ఐఫోన్‌దైతే సాధారణంగా హెచ్‌ఈఐసీ అని ఉంటుంది.

స్టేటస్ నంబరే లేకుండా బ్లాక్డ్ అని ఉంటే మీ యాడ్ బ్లాకర్ పని. ఫోటోల ఫోల్డర్‌కి యాడ్స్ అనో, ఫైలుకు బ్యానర్ యాడ్ అనో పేరు పెట్టారేమో చూడండి. అది లోపల ఏముందో చూడదు, పేరు చూసే కొట్టేస్తుంది. మీ రెండు మెషీన్లలోనూ బ్లాకర్ ఉంటే మాత్రం నేను మొదట్లో చెప్పిన లెక్క తప్పుతుంది, కాబట్టి ఒకసారి ఇన్‌కాగ్నిటో విండోలో కూడా చూడండి, అక్కడ బ్లాకర్ లాంటి ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచేయవు.

ఇంకొక్కటి. కోడ్‌లో ఎక్కడైనా ఫోటో అడ్రస్ సీ డ్రైవ్‌తో మొదలవుతోందా? నవ్వకండి, నేనూ చేశాను. మీ ల్యాప్‌టాప్‌లో పేజీ తెరిస్తే మీ సీ డ్రైవ్ నుంచే ఫోటో వస్తుంది, చక్కగా కనిపిస్తుంది. గుంటూరులో కస్టమర్ ఫోన్‌కి సీ డ్రైవ్ ఎక్కడిది?

ఆ ఎనిమిదింటిలో ఒకదాని స్టేటస్ నంబరు, సర్వర్‌లో ఉన్న ఫైలు పేరు, కోడ్‌లో ఆ ఫోటో ఉన్న లైను, మూడూ కాపీ చేసి కింద కామెంట్‌లో పెట్టండి. స్క్రీన్‌షాట్ వద్దు, అక్షరాలే కావాలి. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.