బాణీ లేని నేపథ్య సంగీతం కొన్ని సినిమాల్లోనే ఎందుకు గుర్తుండిపోతుంది?

గుర్తుండిపోయిందంటే ఏదో అరుదైన సింథసైజర్ వాడారనో, రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) బాగా పోశారనో అనుకుంటారు. రెండూ కాదు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నదే చెవికి పడుతుంది. సినిమా పొడవునా మోగే డ్రోన్‌ని, అంటే ఆగకుండా సాగే ఒకే స్వరాన్ని, చెవి ఫ్యాను చప్పుడులా కాసేపటికే పక్కన పెట్టేస్తుంది.

1975లో వచ్చిన సొరచేప సినిమా 'జాస్' చూడండి. సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ఆ సొరచేపకి ఇచ్చింది ప్రధానంగా రెండు మంద్ర స్వరాలు, పాశ్చాత్య సంగీతంలోని ఇ, ఎఫ్. మధ్య తేడా అర మెట్టే. ఇద్దరు కుర్రాళ్లు అట్ట రెక్క కట్టుకుని ఈదుతూ జనాన్ని హడలగొట్టే సన్నివేశంలో ఆ స్వరాలు రావు. సంగీతం వస్తేనే నిజం సొరచేప అని ప్రేక్షకుడికి తెలియకుండానే నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత పడవ మీంచి ఎర విసురుతున్నప్పుడు సొరచేప ఏ హెచ్చరికా లేకుండా నీళ్లలోంచి లేస్తుంది. అప్పటిదాకా మాట తప్పని సంగీతం అక్కడ మౌనంగా ఉంది కాబట్టే గుండె జారుతుంది. సన్నివేశం సన్నివేశానికీ సంగీతం నింపి ఉంటే ఈ దెబ్బ పడేదే కాదు.

ఆపడం చెప్పినంత సులువు కాదు. ట్రాక్ మ్యూట్ చేసినా ఆరు సెకన్ల రివర్బ్ తోక మిగిలిపోతుంది, దాంతో నిశ్శబ్దం కాస్తా నీరుగారిపోతుంది. రివర్బ్ రిటర్న్‌ని (ఆ ప్రతిధ్వని వచ్చే ఛానెల్‌ని) కూడా అక్కడే కోయాలి, క్లిక్ రాకుండా 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వాలి. సరిగ్గా షాట్ మారే చోటే ఆపితే ఎవరూ గమనించరు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన ఓ ఆరు ఫ్రేములు, అంటే పావు సెకను, ముందే ఆపండి.

లూప్‌ల (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న సంగీత ముక్కల) విషయంలోనూ ఇంతే. ఎనిమిది సెకన్ల లూప్ తిరుగుతుంటే చెవి ఇట్టే పట్టేస్తుంది. ఒకటి 17 సెకన్లు, ఇంకోటి 23 సెకన్లు పెడితే రెండూ మళ్లీ ఒకేసారి మొదలవడానికి 391 సెకన్లు, ఆరున్నర నిమిషాలు పడుతుంది. బ్రయాన్ ఈనో అనే సంగీతకారుడు 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఆల్బమ్‌లో వేర్వేరు పొడవుల టేపులతో చేసింది ఈ పనే.

50 హెర్ట్జ్ డ్రోన్ స్టూడియోలో నేల అదిరేలా ఉంటుంది, ఫోన్‌లో మాత్రం ఏమీ వినపడదు. కొంచెం శాచురేషన్ ఇస్తే, అంటే శబ్దాన్ని కాస్త బరకగా చేస్తే, 150, 200, 250 హెర్ట్జ్ దగ్గర హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్లలో ఉండే పై స్వరాలు) పుడతాయి. అవి వినపడితే చాలు, లేని మంద్రాన్ని మెదడే పూరించుకుంటుంది. మాటల కింద మోగే చోట 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఓ 3 డెసిబెల్స్ తగ్గించండి. లేకపోతే ఫైనల్ మిక్స్‌లో సంగీతం మొత్తాన్నీ తొక్కేస్తారు.

అసలు కోపం టెంప్ ట్రాక్ మీద. ఎడిటింగ్‌లో వేరే సినిమా సంగీతం మొదటి నుంచి చివరి దాకా పరిచేసి, నెలల తరబడి దానికే అలవాటుపడి, చివరికి సంగీత దర్శకుణ్ని 'అచ్చం ఇలాగే కావాలి' అంటారు. ఒక్కసారైనా రీలు మొత్తం సంగీతం లేకుండా చూసి, ఎక్కడ అక్కర్లేదో ముందు గుర్తు పెట్టుకోండి.