టెక్ సందేహాలు: కంటికి కనబడే మాట వెతికితే దొరకదేం?

*మా అమ్మాయి పదో తరగతి. ఇల్లు కారి సోషల్ పుస్తకం తడిసి ముద్దయింది. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లో పాఠాలు బడిలో చెప్పేవాటితో కలవడం లేదు.*
– ఒక తల్లి, అమలాపురం

మీకు వచ్చింది పాత సిలబస్ అయి ఉంటుందమ్మా. మన రాష్ట్రంలో పదో తరగతికి 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు వచ్చాయి. పాఠశాల విద్యాశాఖ సైట్లో పుస్తకాలు ఉచితమే. చిరునామా చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకోండి, దింపుకున్నాక ముద్రణ సంవత్సరం చూడండి. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ 'దీక్ష'తో స్కాన్ చేయొచ్చు. పక్కింటి పిల్ల పుస్తకమైనా సరే!

*పీడీఎఫ్‌లో 'ధవళేశ్వరం' అని కొడితే ఏమీ రావడం లేదు. పేజీలో మాత్రం ఆ మాట ఉంది. ఫోన్ మార్చాలా?*
– సోషల్ మాస్టారు, నరసాపురం

ఫోన్ జోలికి పోకండి మాస్టారూ, తప్పు ఫాంటుది. మన డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకాల అక్షర కూర్పు) చాలాకాలం 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లతోనే నడిచింది. పైకి తెలుగు అక్షరమే, లోపల దాగింది ఇంగ్లిష్ కోడ్. అందుకే కాపీ చేసి వేరేచోట అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. స్కాన్ చేసిన పుస్తకమైతే అది ఉత్త బొమ్మ.

కంప్యూటర్‌లో ఆ ఫైలును గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, రైట్ క్లిక్ కొట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగును చదివి, వెతకడానికి వీలైన అక్షరాలుగా మార్చి ఇస్తుంది. పుస్తకం మొత్తం ఒకేసారి పెట్టొద్దు. కావలసిన పాఠం మటుకు విడదీసి, 2 ఎంబీ లోపు ఉండేలా చూడండి. ఒత్తులు అక్కడక్కడా ఎగిరిపోతాయి, వాటిని ఊహించి చదువుకోవచ్చు. అంకెలతోనే గొడవ. ఉదాహరణకు ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ 5 కాస్తా 6 అయితే పిల్లాడి మార్కు పోయినట్టే. సంవత్సరాలన్నీ అసలు పేజీతో సరిచూడండి.

*గోదావరి జిల్లా మీద పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయా?*
– డిగ్రీ విద్యార్థి, తణుకు

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడండి. హెన్రీ మోరిస్ 1878 పుస్తకం, హెమింగ్వే 1907 గెజిటీర్ (జిల్లా వివరాల గ్రంథం), రెండూ ఇంగ్లిషే. మోరిస్ కోసం వెతికేటప్పుడు గోదావరి స్పెల్లింగు చివర 'ఏఆర్ఐ' కాకుండా 'ఈఆర్‌వై' అని కొట్టండి. అక్కడ దొరకనివాటికి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉండనే ఉంది.