సాక్ష్యం చెప్పడానికి తొందరపడకు

హన్మకొండ

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. "పెద్దమ్మా, బాప్తిస్మం తీసుకున్నాక కష్టాలు తగ్గాలి కదా, మాకెందుకు పెరిగాయి?" అన్నావు. రాత్రంతా ఆ మాటే మనసులో తిరిగింది. ఫోన్‌లో అయితే నేనూ అందరిలాగే రెండు వచనాలు చెప్పి పెట్టేసేదాన్ని. అందుకే రాస్తున్నా.

మీ మిర్చి తోట పోయింది నీకు విశ్వాసం తక్కువై కాదు. 2021-22లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు మన నర్సంపేట వైపు ఎవరి తోట వదిలింది? ఉపవాసం ఉన్నవాళ్ల పూత రాలింది, లేనివాళ్ల పూతా రాలింది. "ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంది" అని మీ సంఘంలో ఒకామె అన్నదట. బైబిల్లో పిల్లల్నీ, ఆస్తినీ పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితులూ అదే అన్నారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట లేకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నంతసేపు వాళ్లు మంచి స్నేహితులే. నోరు విప్పాకే చెడిపోయారు. చివరికి దేవుని కోపం రగిలింది కూడా వాళ్ల మీదే.

ఇక యాకోబు పత్రిక సంగతి. శోధనల్లో పడినప్పుడు "అది మహానందమని యెంచుకొనుడి" అన్న వాక్యం విని, నువ్వు ఏడుపు మింగుకుని ఆదివారం నవ్వు మొహంతో గుడికి పోతున్నావని అల్లుడు చెప్పాడు. యాకోబు నవ్వమనలేదు బిడ్డా, యెంచుకోమన్నాడు. యెంచడమంటే లెక్క కట్టడం. ఎనుమాముల మార్కెట్‌లో సరుకు అమ్మి, తక్‌పట్టీ, అదే అమ్మకం లెక్క చీటీ, పట్టుకుని ఇంటికొచ్చి, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చేతికి మిగిలింది ఎంత అని చూసుకుంటాం కదా, అట్లా. ఆ లెక్క చూసేటప్పుడు కళ్లలో నీళ్లున్నా తప్పేం లేదు. పోయింది పోయిందనే రాయాలి. మిగిలింది కూడా రాయాలి. యాకోబు చూపించే మిగులు పేరు ఓర్పు. గ్రీకులో ఆ మాటకు మూలార్థం "కింద నిలిచి ఉండటం" అని, బైబిలు కాలేజీలో చదివిన ఒక పాస్టర్ గారు మాకు చెప్పారు. బరువు కింద నుంచి జారిపోకుండా నిలబడటం అన్నమాట. తర్వాత వచ్చే మాట నాకు ఇంకా ఇష్టం: "ఓర్పు తన క్రియను కొనసాగింపనీయుడి". అది చేసే పని దాన్ని చేయనివ్వాలి. మధ్యలో పెకిలించి, వేరు ఎంత దిగిందో అని చూడకూడదు.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1996లో మీ పెదనాన్నకు పక్షవాతం వచ్చింది. మూడో నెలలో నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేశాడు. ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పమని. నేను లేచి, దేవుడు పూర్తిగా స్వస్థపరిచాడు, లేచి నడుస్తున్నాడు అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి వారమే బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు నాకు వచ్చింది బాధ కాదు, సిగ్గు. ఏ మొహం పెట్టుకుని పోవాలని ఎనిమిది నెలలు గుడి గడప తొక్కలేదు. దేవుని పరువు నేను కాపాడాలి అన్నట్టు అబద్ధం చెప్పి, నేనే దూరమయ్యాను.

నన్ను మళ్లీ తీసుకొచ్చింది ప్రసంగం కాదు. మా వీధి చివరి ముసలమ్మ ఒకామె సాయంత్రం పూట వచ్చి, గిన్నెలు తోమి, ఇంత పప్పుచారు పెట్టి పోయేది. ఒక్క వచనం చెప్పలేదు. నెల రోజులయ్యాక నేనే అడిగాను, ఆదివారం నాతో వస్తావా అని.

అందుకని తోట గురించి ఇప్పుడే ఎవరికీ సాక్ష్యం చెప్పకు. అడిగితే, ఇంకా మధ్యలోనే ఉన్నాం, ప్రార్థన చేయండి అను. చాలు. ఒంటరిగా ఉన్నప్పుడు 88వ కీర్తన చదువు. మొరపెట్టే కీర్తనలు చాలావాటిలో చివరికి వెలుగు కనబడుతుంది. ఇందులో అదీ లేదు, చీకటియే బంధువర్గమైందంటూ ఆగిపోతుంది. అయినా దాన్ని బైబిల్లోంచి తీసేయలేదు. దేవునితో అట్లా కూడా మాట్లాడొచ్చు.

కష్టం ఎంత ఎక్కువైతే భక్తి అంత పెరుగుతుంది అని కొందరు ప్రసంగిస్తారు. వాళ్లు పత్తి పండించినవాళ్లు కాదనిపిస్తుంది నాకు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు కాస్త బెట్ట తగిలితే వేరు లోతుకు పోతుంది, నిజమే. అదే బెట్ట పూత, కాయ మీద పడితే రాలిపోతుంది. మీది ఇప్పుడు రాలే దశ. కాబట్టి నీళ్లు కావాలి, ఇంకా ఎండ కాదు. యాకోబు కూడా ఓర్పు గురించి చెప్పిన వెంటనే, జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగమన్నాడు. జ్ఞానమంటే ఒక్కోసారి బ్యాంకుకు పోయి మేనేజర్‌తో మాట్లాడటం. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు తీర్చడానికి ఇంకో చిట్టీ ఎత్తకపోవడం. అప్పులవాడు ఇంటి ముందుకొచ్చి బూతులు తిడుతుంటే తల వంచుకుని వినడం ఓర్పు కాదు. నలుగురిని పిలిచి మాట్లాడించాలి.

అల్లుడు రాత్రుళ్లు నిద్రపోవడం లేదన్నావు. ఇది ఆషామాషీగా తీసుకోకు. మిగిలిన పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఒక్కటి కూడా ఉంచకు, ఈ ఉత్తరం చదవగానే తీసేయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపిద్దాం. ఆలోగా మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి పోతే విశ్వాసం తగ్గినట్టని ఎవరన్నా అంటే, నా దగ్గరికి పంపు.

మెదక్ చర్చి గుర్తుందా, చిన్నప్పుడు క్రిస్మస్‌కు తీసుకుపోయాను? 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు. అంతకు ముందు కరువులో జనం తిండికి అల్లాడుతుంటే, పోస్నెట్ అనే మిషనరీ దొర వాళ్లకు పని చూపించి, కూలీగా తిండి పెట్టి కట్టించాడు. కరువు ఆ గుడి కోసమే వచ్చింది అని నేను ఎప్పుడూ అనను. ఆకలితో చచ్చినవాళ్ల ముందు ఆ మాట అనగలమా? కరువు వచ్చింది. వచ్చినప్పుడు ఒకరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నాకు తెలిసింది అంతే.

ఎదిగానో లేదో ఎట్లా తెలుస్తుంది అని కూడా అడిగావు. నాకు తెలిసిన రోజు చెబుతా. పక్కింటాయనకూ పక్షవాతం వచ్చి, ఆయన ఆర్నెల్లలో లేచి నడిచాడు. అప్పటికి మీ పెదనాన్న మంచం పట్టి ఐదో ఏడు. వాళ్లు పంచిన స్వీట్ నేను తిన్నాను, రుచి తెలిసింది. మొదటి ఏడాది అయితే గొంతు దిగేది కాదు. అంతకంటే పెద్ద గుర్తేదీ నా దగ్గర లేదు.

శనివారం పొద్దున మొదటి బస్సుకు వస్తా. నా కోసం ప్రత్యేకంగా ఏం వండకు, పచ్చడి తెస్తున్నా. అప్పు కాగితాలు, తక్‌పట్టీలు, మందుల షాపు బాకీ చీటీలు అన్నీ ఒక సంచిలో వేసి పెట్టు. కూర్చుని లెక్క చూద్దాం.

మీ పెద్దమ్మ