అక్క హత్యను సినిమాగా తీశారు... పాప అడిగిన ప్రశ్నకు ఏం చెప్పాలి?

ప్రశ్న: ఎనిమిదేళ్ల క్రితం మా అక్కను బావ చంపాడు. అంతకు ముందు కొన్నేళ్లుగా కొట్టేవాడు. అతనికి యావజ్జీవ శిక్ష పడింది. అక్క కూతురిని అమ్మా నేనూ పెంచుతున్నాం. తనకిప్పుడు పద్నాలుగేళ్లు. ఈ మధ్య 'యథార్థ సంఘటనల ఆధారంగా' అంటూ ఒక సినిమా వచ్చింది. పేర్లు మార్చినా అది మా ఇంటి కథేనని తెలిసినవాళ్లందరికీ అర్థమైపోయింది. అందులో భార్య అర్ధరాత్రి దాకా ఎవరితోనో ఫోనులో నవ్వుతూ మాట్లాడుతుంది. నిజానికి ఆ ఫోనుకు అవతల ఉన్నది నేనే. కోర్టులో అతని లాయరు అదే ఆరోపణ చేస్తే, కాల్ వివరాలు చూసి జడ్జి తోసిపుచ్చారు. పాప ఆ సినిమా కొంత చూసి వచ్చి, 'అమ్మ నిజంగా అలాంటిదేనా పిన్నీ?' అంది. 'మీ అమ్మ దేవత' అన్నాను. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. మా అమ్మ టీవీ గదిలోకే రావడం లేదు. కేసు వేయాలా? పాపకు ఏం చెప్పాలి?

జవాబు: పాప వచ్చి అడిగింది మిమ్మల్ని. మనసులో పెట్టుకుని తనే ఒక నిర్ణయానికి వచ్చేయలేదు. ఆ నమ్మకం ఇంకా ఉందని గుర్తుంచుకోండి. ఇప్పుడు తను మౌనంగా ఉన్నా, మళ్లీ మాట కలపవలసింది మీరే.

తన ప్రశ్నకు మీ జవాబు 'కాదు' అన్న మాటతో మొదలవ్వాలి. వెంటనే కారణం చెప్పండి. ఆ రాత్రుళ్లు ఫోనులో ఉన్నది పిన్ని, అందుకు కోర్టులో ఆధారం ఉంది. ఆ వయసు పిల్లకు ఓదార్పు కన్నా ముందు ఆధారం కావాలి. తీర్పు ప్రతి ఉంటే, హత్య వివరాలున్న పేజీలు పక్కన పెట్టి, ఫోను గురించి జడ్జి రాసిన భాగం చదివి వినిపించండి. ఆ రాత్రుళ్లు మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవారో, దేనికి నవ్వుకునేవారో కూడా చెప్పండి. సినిమా దొంగతనంగా చూపించిన ఆ నవ్వు ఎక్కడిదో తనకు తెలియాలి.

సినిమా అలా ఎందుకు తీశారో కూడా చెప్పాలి. లేకపోతే 'నిప్పు లేనిదే పొగ వస్తుందా' అన్న అనుమానం లోపల మిగిలిపోతుంది. హత్య కేసులో చనిపోయిన మనిషికి తన మాట చెప్పుకునే వీలు లేదు. చంపినవాడికి ఉంది, అతని లాయరుకు ఉంది. ఉన్నట్టుండి తీవ్రంగా రెచ్చగొట్టడం వల్ల ఒళ్లు తెలియకుండా చంపాడని రుజువైతే చట్టం దాన్ని హత్య కన్నా తక్కువ నేరంగా చూస్తుంది. కాబట్టి తప్పు ఆమెదేనని చెప్పవలసిన అవసరం అతనికి ఉంటుంది. ఏళ్లు గడిచాక కథ కోసం వెతికే రచయితకు తేలిగ్గా దొరికేవి ఆ వాదనలు, అప్పటి వార్తలు, పోలీసులు చెప్పిన మాటలు. పైగా 'ఎందుకు చంపాడు' అన్నదానికి రెండున్నర గంటల్లో జవాబు కావాలి. ఏళ్ల తరబడి రోజూ కొంచెం కొంచెంగా సాగిన హింసను తెర మీద చూపించాలంటే ఓపిక కావాలి, నైపుణ్యం కావాలి. ఫోనులో నవ్వే భార్య అయితే ఒక్క సన్నివేశంలో పని అయిపోతుంది. కోర్టు కొట్టేసిన వాదనను ఇలా మళ్లీ లేపి జనం ముందు పెట్టడం అన్యాయం. మీ కోపం న్యాయమైనదే.

2022లో అమెరికాలో జెఫ్రీ డామర్ అనే వరుస హంతకుడి మీద సిరీస్ వచ్చినప్పుడు, హతుల్లో ఒకరి సోదరి తననెవరూ సంప్రదించలేదని చెప్పారు. కోర్టులో ఆమె ఆక్రోశంతో మాట్లాడిన మాటలను ఉన్నవి ఉన్నట్టుగా, అదే తరహా జుట్టు, దుస్తులతో నటింపజేశారు. అక్కడ మాట మార్చలేదు, అయినా ఆమె ఆ రోజును మళ్లీ అనుభవించవలసి వచ్చింది. మీ విషయంలో అడగకపోవడమే కాదు, అబద్ధం కూడా కలిసింది.

ఇక 'దేవత' అన్న మాట. మీరు ప్రేమతోనే అన్నారు. కానీ పాప మౌనానికి కారణం అదేనని నాకు అనిపిస్తోంది. సినిమా ఒక అమ్మను చూపించింది, మీరు దానికి ఎదురుగా మరో అమ్మను నిలబెట్టారు. ఆ రెండింటిలోనూ తనకు గుర్తున్న అమ్మ లేదు. తల్లి పోయే నాటికి తనకు ఆరేళ్లు. జడ వేస్తూ 'కదలకు' అని విసుక్కున్న అమ్మ, తలుపు వేసుకుని ఏడ్చిన అమ్మ తనకు లీలగానైనా గుర్తుండి ఉండవచ్చు.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. మంచిది కాబట్టి ఆమెను చంపడం తప్పు అన్నట్టుగా మనం మాట్లాడితే, రేపు అమ్మలో ఏదో లోపం తెలిసినప్పుడు పాప దృష్టిలో సినిమాయే నిజమైపోతుంది. మీ అక్క మొండిదే అనుకుందాం, భర్తకు ఎదురు చెప్పేదే అనుకుందాం, ఇంకెవరినో ఇష్టపడిందనే అనుకుందాం. అయినా చంపే హక్కు అతనికి ఎక్కడిది? పాపతో ఈ మాట సూటిగా అనండి. తర్వాత మీ అక్కలోని మంచితో పాటు కోపం, పంతం, మీ ఇద్దరి పోట్లాటలు కూడా దాచకుండా చెప్పండి. ఒక్క రోజులో కుదరదు, తను అడిగినప్పుడల్లా కొంత.

ఇంకొక విషయం వినడానికి మీకు కష్టంగా ఉండవచ్చు. చంపినవాడు ఆ పిల్లకు తండ్రి. సినిమా చెప్పినట్టు అతనికి ఒక కారణం ఉంటే బాగుండునని తన మనసులో ఏ మూలో అనిపిస్తుంటే, అది తల్లికి చేసే ద్రోహం కాదు. 'నాన్న గురించి కూడా నన్ను అడగవచ్చు' అని ఒకసారి చెప్పి ఉంచండి. అడిగినప్పుడు మీ ముఖంలో కోపం కనిపిస్తే, తర్వాత ఇంకేమీ అడగదు.

సినిమా చూడొద్దని నిషేధం పెట్టకండి. ఎలాగూ మిగతాది చూస్తుంది. చూడాలనుకుంటే పక్కన కూర్చోండి, హత్య సన్నివేశం దాటించండి, ఎక్కడ ఏం మార్చారో ఆపి చెప్పండి.

కేసు సంగతి. పోయినవారి మీద వేసిన నింద కుటుంబాన్ని బాధపెట్టే ఉద్దేశంతో చేసినదైతే, మన చట్టం ప్రకారం పరువునష్టం కావచ్చు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఆ వివరణ ఉంది. ఉద్దేశాన్ని రుజువు చేయడమే కష్టం. గోప్యత హక్కు మనిషితోనే పోతుందని 2023లో ఢిల్లీ హైకోర్టు ఒక నటుడి తండ్రి వేసిన కేసులో చెప్పింది. పేర్లు మార్చారు కదా అని మాత్రం వెనకాడకండి. రష్యా రాజకుటుంబానికి సన్నిహితుడైన రస్పుటిన్ హత్య మీద హాలీవుడ్ సంస్థ ఎంజీఎం 1932లో తీసిన సినిమాలోనూ ఒక స్త్రీ పాత్ర పేరు మార్చారు. అయినా ఆ పాత్ర తనదేనని, తన పరువు తీశారని హంతకుల్లో ఒకరి భార్య లండన్‌లో కేసు వేసి, 1934లో 25,000 పౌండ్లు గెలిచారు. 'పాత్రలన్నీ కల్పితం' అన్న ప్రకటన సినిమాల్లో ఆనవాయితీ కావడానికి ఆ తీర్పే ముఖ్య కారణం. మీ అక్క కేసు తీర్పు ప్రతి తీసుకుని లాయరును కలవండి. కనీసం ఆ సన్నివేశాన్ని సరిదిద్దమని నోటీసు ఇవ్వవచ్చు. కేసు ఏళ్లు పట్టవచ్చని, ఆ చర్చంతా పాప చెవిన పడుతుందని కూడా ఆలోచించి నిర్ణయించుకోండి.

పాప నిద్ర, తిండి, చదువు రెండు మూడు వారాలకు మించి దెబ్బతింటే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. మీ అమ్మగారి విషయంలో సినిమా ఒక్కటే కారణం కాకపోవచ్చు. అక్క దెబ్బలు తిన్న రోజుల్లో 'సర్దుకుపో' అని ఆవిడ ఎప్పుడైనా అన్నారేమో, ఇప్పుడు అదే బాధిస్తోందేమో. పాప ఇంట్లో లేని సమయం చూసి మెల్లగా అడగండి. అవునంటే, 'చంపినవాడు అతను, నువ్వు కాదు' అని మీ నోటితోనే చెప్పండి. ఎనిమిదేళ్లలో ఆ మాట ఆవిడతో ఎవరూ అని ఉండరు.