టెక్ సందేహాలు: రిబ్స్ వండటానికి మైక్ ఎందుకు?

ప్రశ్న: ఈమధ్యే వైఫై ఉన్న ఎయిర్ ఫ్రైయర్ కొన్నాం. యాప్‌లో ‘రిబ్స్’ అనే బటన్ నొక్కితే 200 డిగ్రీలు, 25 నిమిషాలు అని చూపించి మొదలెడుతుంది. పోర్క్ రిబ్స్ (పంది పక్కటెముకల మాంసం) పైన నల్లగా మాడిపోతున్నాయి, లోపల నమలలేనంత గట్టిగా ఉంటున్నాయి. అప్‌డేట్ వచ్చాక ఇంకా అధ్వానం. వేడి, టైమ్ మేమే మార్చుకుందామంటే అకౌంట్ తెరవమంటుంది, తెరిస్తే లొకేషన్, మైక్ పర్మిషన్ అడుగుతోంది. ఇచ్చేయొచ్చా? పొద్దున్నే రిబ్స్ లోపల పెట్టేసి వెళ్లి, సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు ఫోన్‌లో ఆన్ చేద్దామనే దీన్ని కొన్నాం. అది క్షేమమేనా?

జవాబు: కాదు. ఆఖరి ప్రశ్నకు ముందు జవాబిస్తున్నాను, ఎందుకంటే మిగతావన్నీ చిరాకు తెప్పించే విషయాలు, ఇది ఆసుపత్రి పాలు చేసే విషయం. పచ్చి మాంసం 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య 2 గంటలకు మించి ఉండకూడదు, బయట వేడి 32 దాటితే 1 గంటే. పొద్దున పెట్టి సాయంత్రం ఆన్ చేయడమంటే రోజంతా బ్యాక్టీరియాని పెంచి ఆ తర్వాత వేయించడం. ‘ఎలాగూ 200 డిగ్రీల్లో వేయిస్తాంగా, అన్నీ చచ్చిపోతాయి’ అంటారు చాలామంది. బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. స్టెఫైలోకాకస్ లాంటివి అప్పటికే వదిలేసిన విషం మాత్రం వేడికి పోదు. ఇంత మామూలు సంగతి ఆ రిమోట్ స్టార్ట్ బటన్ తయారు చేసినవాళ్లకు తెలియదనుకోను. పచ్చి మాంసం విషయంలో ఆ బటన్‌కి అర్థమే లేదని తెలిసీ దాన్నే పెట్టె మీద పెద్దక్షరాలతో వేసి అమ్ముతున్నారు.

ఇక రిబ్స్ ఎందుకు మాడుతున్నాయంటే, ఎయిర్ ఫ్రైయర్ అంటే పైన వేడి పుట్టించే కాయిల్, ఫ్యాన్ ఉన్న చిన్న ఓవెన్, అంతకు మించి ఏమీ లేదు. వేడిగాలి జోరుగా తిరుగుతుంది కాబట్టి పైపొర చకచకా ఎండి రంగు తిరుగుతుంది. వేపుళ్లకు అది వరం. రిబ్స్‌కి ఆ పని ఆఖర్న, కొద్దిసేపే కావాలి. పంది మాంసం ముక్క లోపల 63 డిగ్రీలకు చేరి, తీశాక 3 నిమిషాలు ఆగితే తినడానికి భయం లేదని అమెరికా వ్యవసాయ శాఖ 2011 నుంచీ చెబుతోంది (అంతకుముందు 71 అనేవారు, కీమాకి ఇప్పటికీ 71 డిగ్రీలే). అయితే భయం లేకపోవడం వేరు, మెత్తబడటం వేరు. ఎముకలను పట్టుకుని ఉండే కొలాజెన్ అనే గట్టి పదార్థం కరిగి, మెత్తటి జెలటిన్ అయితే తప్ప రిబ్స్ మెత్తబడవు, అందుకు లోపలి వేడి 90 దగ్గరికి వెళ్లాలి, వెళ్లడం కూడా నిదానంగా వెళ్లాలి. 200 డిగ్రీల్లో 25 నిమిషాలంటే పైన బొగ్గు, లోపల కరగని కొలాజెన్. మీరేం తప్పు చేయలేదు, ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లు పక్కటెముకలనీ చికెన్ రెక్కలనీ ఒకే గాటన కట్టేశారు.

కాబట్టి ఆ బటన్ని మర్చిపోండి. ఎముకల వెనక వైపు తెల్లగా, పల్చగా అంటుకుని ఉండే పొరని ముందు తీసేయండి. కొసన కత్తి మొనతో కాస్త లేపి, జారకుండా టిష్యూ పేపరుతో పట్టుకుని లాగితే ఊడి వస్తుంది. అది ఉన్నంతసేపూ ఉప్పూ లోపలికి పోదు, నమిలేటప్పుడు పళ్లకూ అడ్డం పడుతుంది. బుట్టలో పట్టేలా రెండు మూడు ఎముకలకొక ముక్కగా కోసి, ఉప్పు, మిరియాలు, మీకిష్టమైన పొడులు పట్టించి (చక్కెర, బెల్లం, తేనె మాత్రం ఇప్పుడొద్దు), ఫాయిల్‌లో గట్టిగా చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఒకే వరసలో పెట్టి 150 డిగ్రీల్లో 45, 50 నిమిషాలు వదిలేయండి. ముక్క మందాన్ని బట్టి ఇంకో 10 నిమిషాలు పట్టొచ్చు. ఎముక కొసల నుంచి మాంసం ఒక సెంటీమీటరు దాకా వెనక్కి తగ్గి, ఎముకని మెలితిప్పితే కదులుతోందంటే అయినట్టే. అప్పుడు ఫాయిల్ విప్పి, తీపి సాస్ ఏదైనా పూసి, 190 లో 5 నిమిషాలు. ఆ 5 నిమిషాలూ పక్కనే ఉండండి, చక్కెర మాడటానికి క్షణం పట్టదు. ఖాళీ యంత్రాన్ని వేడి చేసేటప్పుడు మాత్రం ఫాయిల్ లోపల ఉంచొద్దు, బరువేమీ లేకపోతే ఫ్యాన్ గాలికి లేచి కాయిల్‌కి తగులుతుంది. కొవ్వు కారి పొగ వస్తుంటే, మాన్యువల్‌లో వద్దని లేకపోతే, బుట్ట కింది డ్రాయర్‌లో కాసిన్ని నీళ్లు పోయండి.

దీనంతటికీ కావలసినవి రెండే: వేడి ఎంత, సమయం ఎంత. యంత్రం మీద ఆ రెండిటికీ బటన్లు ఉంటే యాప్‌తో మీకు పనే లేదు, అకౌంటూ అక్కర్లేదు. ఉన్నాయేమో ఒకసారి వెతకండి, కొన్నిట్లో ఏదో ఒక బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే గానీ బయటపడవు. అప్‌డేట్ తర్వాత అధ్వానమైందన్నారు కాబట్టి సెట్టింగ్స్‌లో సెల్సియస్, ఫారన్‌హీట్ తారుమారయ్యాయేమో కూడా చూసుకోండి, 300 ఫారన్‌హీట్ అంటే 149 సెల్సియస్, ఆ తేడా తెలియకుండా వండితే మొదటికే మోసం. అప్‌డేట్‌లో అసలేం మార్చారో కంపెనీ చెబితే మనకీ వెతుకులాట ఉండేది కాదు. ‘కొన్ని లోపాలు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. నిన్నటి దాకా 180 లో వండిన బటన్ ఇవాళ 200 లో వండుతుంటే అది మెరుగుపరచడం ఎలా అవుతుంది?

పర్మిషన్ల సంగతి. లొకేషన్ అడగడానికి కొంత కారణం ఉంది. ఆండ్రాయిడ్ 11 దాకా చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ పర్మిషన్ తప్పనిసరి, ఆండ్రాయిడ్ 12 లో దానికి విడిగా పర్మిషన్ వచ్చింది. పాత ఫోన్ అయితే జత చేసేటప్పుడు ‘ఈసారికి మాత్రమే’ అని ఇచ్చి, పనయ్యాక తీసేయండి. మైక్‌కి అలాంటి సాకు కూడా లేదు. నోటితో ఆదేశాలిచ్చే సదుపాయం మీరు వాడనప్పుడు ఎయిర్ ఫ్రైయర్ యాప్‌కి మీ ఇంట్లో మాటలతో ఏం పని? ఇదేదో నా ఒక్కడి అనుమానం కాదు, 2024 నవంబరులో బ్రిటన్‌లోని వినియోగదారుల సంస్థ ‘విచ్?’ మూడు ఎయిర్ ఫ్రైయర్లను పరీక్షిస్తే మూడింటి యాప్‌లూ ఫోన్‌లో ఆడియో రికార్డు చేసేందుకు పర్మిషన్ కోరాయి, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఇవ్వకపోతే ముందుకు కదలనని యాప్ మొరాయిస్తే, వాపసు గడువు లోపల యంత్రాన్ని తిరిగిచ్చేయడమే మందు.

ఇంతకీ నన్ను ఎక్కువ కలవరపెట్టేది మైక్ కూడా కాదు, మీరు తెరిచిన ఆ అకౌంట్. హ్యాకర్ అనగానే అందరూ యంత్రం లోపలి కోడ్‌ని బద్దలుకొట్టే మేధావిని ఊహించుకుంటారు. అంత శ్రమ ఎవడు పడతాడు? మీరు ఎప్పుడో ఏదో షాపింగ్ సైట్‌లో వాడిన ఈమెయిలూ పాస్‌వర్డూ లీకయ్యి ఉంటాయి, అవే ఇక్కడా పెట్టి ఉంటారు, వాడు ఒక ప్రోగ్రామ్‌తో ఆ లీకైన జాబితా మొత్తాన్ని ఈ యాప్ లాగిన్ మీద ప్రయోగిస్తాడు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. మీరు ఊళ్లో లేనప్పుడు వంటగదిలో 1500 వాట్ల హీటర్‌ని ఆన్ చేయగల తాళం చెవి అది. లోపల ఏముందో ఆ యంత్రానికి తెలియదు, బుట్టలో మర్చిపోయిన బేకింగ్ పేపరుందా, పైన ఎవరైనా తువ్వాలు పడేశారా అన్నది దానికి పట్టదు. పోనీ కోడ్‌లో లోపాలే లేవా అంటే అవీ ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో సిస్కో కంపెనీ భద్రతా విభాగమైన టాలోస్ పరిశోధకులు ఒక స్మార్ట్ ఎయిర్ ఫ్రైయర్‌లో రెండు లోపాలు బయటపెట్టారు, వాటితో బయటివాళ్లు తమ కోడ్‌ని అందులో నడిపించి వేడిని, సమయాన్ని మార్చొచ్చు, వంట మొదలెట్టొచ్చు. కొన్ని సందర్భాల్లో యంత్రం దగ్గరికి వస్తేనే అది సాధ్యమని వాళ్లే చెప్పారనుకోండి. నన్ను మండించింది వేరే ముక్క: తయారీదారుకి ముందే తెలియజేసినా గడువు లోపల సరైన స్పందన రాలేదు, మరమ్మతు లేకుండానే లోపాలను బయటపెట్టాల్సి వచ్చింది.

కాబట్టి యాప్ వాడి తీరాల్సిందే అంటే ఎక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి, రెండంచెల లాగిన్ ఉంటే పెట్టుకోండి, రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) తెరిచి యంత్రాన్ని దానికి మాత్రమే కలపండి, అప్పుడది మీ ల్యాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లోకి తొంగిచూడలేదు. రిమోట్ స్టార్ట్‌ని ఆపేసే వీలుంటే ఆపేయండి. వంట అయ్యాక ప్లగ్ తీసేయండి, ప్లగ్ తీసిన యంత్రాన్ని ఎంతటి హ్యాకరైనా ఏం చేస్తాడు?

అసలు ఈ జాతి యంత్రాల మీదే నాకు ఫిర్యాదు ఉంది. రిమోట్ స్టార్ట్ పెట్టేవాళ్లలో బుద్ధిమంతులు కూడా ఉన్నారు, మీరు ముందు యంత్రం మీది బటన్ నొక్కి ఒప్పుకుంటేనే, ఆ ఒక్క వంటకే ఫోన్ నుంచి మొదలవుతుంది. వేడి పుట్టించే ప్రతి వస్తువుకీ ఇది కనీస మర్యాద. మిగతావాళ్లు మాత్రం ఓవెన్‌నీ బల్బునీ ఒకే రకంగా చూస్తారు. కాయిల్, ఫ్యాన్ ఏళ్ల తరబడి పనిచేసేవే, యాప్ మాత్రం సర్వర్ ఉన్నన్నాళ్లే. పెట్టె మీద ఎన్ని లీటర్లో, ఎన్ని వాట్లో రాస్తారు, భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో ఎక్కడా కనపడదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అది చెప్పి తీరాలని చట్టమే వచ్చింది, కంపెనీ ముందే పెట్టి ఇచ్చే డీఫాల్ట్ పాస్‌వర్డ్ అందరికీ ఒకటే పెట్టడాన్నీ నిషేధించారు. 2016 లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) కెమెరాలు, రికార్డర్లలో ఇలాంటి పాస్‌వర్డ్‌లనే వాడుకుని లక్షల పరికరాలను తన సైన్యం చేసుకుంటే, చట్టం రావడానికి అన్నేళ్లు పట్టింది. కొనేవాళ్లూ తక్కువేం తినలేదు. ఎన్ని ప్రీసెట్లు (‘రిబ్స్’ లాంటి రెడీమేడ్ బటన్లు) ఉన్నాయని లెక్కపెట్టి కొంటారు, యాప్ లేకుండా పనిచేస్తుందా అని ఒక్కరూ అడగరు.

ప్రశ్న: ఎయిర్ ఫ్రైయర్ జత చేయబోతే వైఫై పాస్‌వర్డ్ తప్పంటోంది. పాస్‌వర్డ్ కరెక్టే.

జవాబు: ఇలాంటి వస్తువుల్లో ఎక్కువ శాతం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. మీ రూటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫైలు రెండిటికీ ఒకే పేరు పెట్టి ఉంటే ఫోన్ 5 లో ఉండిపోతుంది, కొన్ని యాప్‌లు అక్కడే తికమకపడతాయి. గెస్ట్ నెట్‌వర్క్‌ని 2.4 లో మాత్రమే పెట్టి, ఫోన్‌ని కూడా కాసేపు దానికే కలిపి ప్రయత్నించండి. లోపం అక్కడుంటే పాస్‌వర్డ్ తప్పని అబద్ధం చెప్పే యాప్ గురించి ఏమనాలో మీ ఇష్టం.

ప్రశ్న: వైర్ లేని మీట్ థర్మామీటర్ కొన్నాను. రిబ్స్‌కి గుచ్చి ఎయిర్ ఫ్రైయర్ మూయగానే ఫోన్‌లో కనెక్షన్ పోతోంది. పోనప్పుడు చూపించే అంకె కూడా నమ్మేలా లేదు.

జవాబు: చుట్టూ లోహపు గోడలు, లోపల సన్నటి బ్లూటూత్ సిగ్నల్, పోక ఏం చేస్తుంది? సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని యంత్రానికి ఆనించకుండా వీలైనంత దగ్గరగా పెట్టండి, ఫాయిల్ చుట్టి ఉంటే ఆ సిగ్నల్ మీద ఆశ వదులుకోండి. ఆ థర్మామీటరు చుట్టూ ఉండే వేడి ఎంతవరకు తట్టుకుంటుందో కూడా మాన్యువల్‌లో చూడండి, కొన్ని ఎయిర్ ఫ్రైయర్ వేడికే పాడైపోతాయి. అంకె తప్పు రావడానికి కారణం బహుశా సూదిని మీరు ఎముకకు ఆనించడం. రిబ్స్‌లో రెండు ఎముకల మధ్య ఉండే మాంసమే తక్కువ, లావుపాటి సూది అక్కడ సరిగ్గా కూర్చోదు. వండుతున్నంతసేపూ గుచ్చి ఉంచే రకం కన్నా, తలుపు తెరిచి గుచ్చి రెండు మూడు సెకన్లలో అంకె చూసి తీసేసే మామూలు డిజిటల్ థర్మామీటర్ రిబ్స్‌కి నయం. దానికి యాప్ ఉండదు, అకౌంటూ అడగదు. ఎముకలకు సమాంతరంగా, అన్నిటికంటే మందంగా ఉన్నచోట గుచ్చండి, రెండు మూడు చోట్ల చూసి తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.