అల్లుడూ, ఇంటర్‌కూలర్ కొనేముందు గాలి ఎక్కడ పోతోందో చూడు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలూ, కొనాలనుకుంటున్న ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్ళే గాలిని చల్లబరిచేది) వివరాలూ చూశాను. వస్తువు మంచిదే, కానీ ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. ట్రైలర్ తగిలించుకుని రాటన్ పాస్ ఘాట్ ఎక్కుతుంటే ఎగ్జాస్ట్ టెంపరేచర్ 1,350 ఫారన్‌హీట్ దాటిందనీ, వెనక నల్ల పొగ కనిపించిందనీ, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) కూడా మునుపటిలా లేవడం లేదనీ రాశావు కదా. ఈ మూడూ ఒకేసారి వచ్చాయంటే నేను ముందు అనుమానించేది కూలర్ సైజుని కాదు, గాలిని ఒత్తి తోసే టర్బోకీ ఇంజన్‌కీ మధ్య ఎక్కడో గాలి లీకవుతోందేమోనని. లీకున్న బండికి కొత్త కూలర్ బిగిస్తే ఆ లీకు అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది.

నీ 2006 డాడ్జ్ రామ్ పికప్‌లో ఉన్న 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజన్ నాకు టెక్సాస్ వచ్చాక పరిచయమైన ఇంజన్ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న రోజుల్లోనే జంషెడ్‌పూర్‌లో తయారైన ఇదే బీ సిరీస్ ఇంజన్లు టాటా లారీల్లోంచి దించి విప్పేవాళ్ళం. డాడ్జ్ వాళ్ళు 1989లో పికప్‌లో ఈ ఇంజన్ పెట్టినప్పుడు ఇంటర్‌కూలరే లేదు, 1991 మధ్యలో వచ్చింది. అప్పట్నుంచీ అది ఏం చేస్తోందో లెక్కేసి చూస్తే నీకే అర్థమవుతుంది.

బయట 100 ఫారన్‌హీట్ ఎండలో టర్బో 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బూస్ట్ ఇస్తే దాన్లోంచి బయటికొచ్చే గాలి దాదాపు 400 ఫారన్‌హీట్ ఉంటుంది. బాగున్న కంపెనీ కూలర్ దాన్ని 150 దాకా దించిందనుకో, అదే ఒత్తిడి దగ్గర గాలి దాదాపు 40 శాతం చిక్కబడుతుంది. ఇప్పుడు నువ్వు పెద్ద కూలర్ పెట్టి 150ని 130కి దించావనుకో, అదనంగా వచ్చేది మూడు శాతం పైచిలుకు, అంతే. అసలు పని చాలావరకు బండితో వచ్చిన కూలరే చేసేసింది. అందుకే ఏ మార్పులూ చెయ్యని స్టాక్ బండికి ఇంటర్‌కూలర్ ఒక్కటే మార్చి గుర్రాలు (హార్స్‌పవర్) పెరుగుతాయని ఎవరైనా చెబితే నమ్మకు. అది కొనేది గుర్రాల కోసం కాదు, బరువుతో పావుగంటసేపు ఒకే ఘాట్ ఎక్కుతున్నప్పుడు కోర్ (కూలర్ మధ్యలో రెక్కలున్న దిమ్మ) వేడెక్కిపోయి చేతులెత్తేయకుండా ఉండటానికి.

సరే, ముందు లీక్ టెస్ట్. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం తీసేసి, టర్బో నోటికి సరిపడే మూతకి గాలి వాల్వు బిగించి క్లాంపుతో గట్టిగా పట్టించు. కంప్రెసర్‌కి రెగ్యులేటర్ ఉండాల్సిందే, మెల్లగా పెంచుకుంటూ 20 పీఎస్‌ఐ దగ్గర ఆపు, అంతకు మించి అక్కర్లేదు. ఆ మూతకి ఎదురుగా మాత్రం ముఖం పెట్టకు, ఊడిందంటే తుపాకీ గుండులా వస్తుంది. సబ్బు నీళ్ళు స్ప్రే బాటిల్లో పోసుకుని ప్రతి బూట్ (గొట్టాల్ని కలిపే సిలికాన్ తొడుగు) చుట్టూ, కూలర్ రెండు చివర్లా, ఇంజన్లోకి గాలి వెళ్ళే ఇన్‌టేక్ హార్న్ గొట్టం గ్యాస్కెట్ దగ్గరా కొట్టి బుడగలు చూడు. ఏదో ఒక సిలిండర్లో వాల్వులు కాస్త తెరుచుకుని ఉంటే ఎగ్జాస్ట్ గొట్టంలోంచి సుయ్‌మని వినిపిస్తుంది, దానికి టెన్షన్ పడకు, క్రాంక్‌ని కొంచెం తిప్పితే మారుతుంది. చాలా బళ్ళలో దొంగ దొరికేది కిందివైపు బూట్ దగ్గరే, ఎందుకంటే నూనె అక్కడికే కారి చేరుతుంది, సిలికాన్ ఆ నూనెకి మెత్తబడిపోతుంది.

రెండో పని, గ్రిల్ ముందు నిలబడి టార్చ్ వేసి చూడు. నీ బండిలో ముందు ఏసీ కండెన్సర్, దాని వెనక ఇంటర్‌కూలర్, ఆ వెనక రేడియేటర్ వరసగా ఉంటాయి. ఆమరిల్లో వైపు దుమ్మూ పురుగులూ ఆ సందుల్లో చేరి గట్టిపడిపోతాయి. మామూలు గొట్టంతో నిదానంగా కడుగు, ప్రెషర్ వాషర్ మాత్రం పెట్టకు, రెక్కలు వంగిపోతాయి. కడిగాక మళ్ళీ అదే ట్రైలర్‌తో అదే దారిలో వెళ్ళి మీటర్లు చూడు.

మీటర్ అంటే గుర్తొచ్చింది, టర్బో ముందున్న ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఒక్కటి చూసి నిర్ణయం తీసుకోకు. ఇన్‌టేక్ గాలి వేడి ఎంతో చూడు. వీలైతే టర్బో బయట ఒకటి, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్ మీద ఒకటి పెట్టి బూస్ట్ చూడు. రెండిటికీ తేడా ఒకటిన్నర, రెండు పీఎస్‌ఐ ఉంటే కూలర్ బాగానే ఊపిరి తీసుకుంటోంది. నాలుగైదు ఉంటే లోపల అడ్డం ఉన్నట్టు. ఇవన్నీ సరిచేశాక కూడా ఘాట్ మీద ఎగ్జాస్ట్ వేడి 1,300 దాటుతుంటే అప్పుడు కొను, నేనే వచ్చి బిగించిపెడతాను. ఈలోపు దాటినప్పుడల్లా ఒక గేరు దించి, కాలు కాస్త వెనక్కి తియ్యి. ఆ దారంతా అమ్మాయీ పిల్లలూ నీతోనే ఉంటారు, అది మర్చిపోకు.

ఇంకో రెండు సందర్భాల్లో ఆలోచించకుండా మార్చెయ్యాలి. కోర్ పగిలితే ఒకటి. టర్బో పేలితే రెండోది, ఎందుకంటే ముక్కలైన రెక్కల తునకలు కోర్ సందుల్లో ఇరుక్కుంటాయి, ఎన్నిసార్లు కడిగినా అన్నీ వచ్చాయని చెప్పలేం, అవి ఏదో ఒకరోజు ఇంజన్లోకి పోతాయి. లోపల నూనె నిలవ ఉండిపోయినా ప్రమాదమే, డీజిల్ ఇంజన్ ఆ నూనెనే తాగి తాళం తీసినా ఆగకుండా పరిగెడుతుంది. గొట్టంలో పల్చటి నూనె పొర కనిపిస్తే మామూలే, గ్లాసుడు కారితే టర్బో సంగతి ముందు చూడాలి.

కొనేటప్పుడు, కోర్‌లలో రెండు రకాలుంటాయి: బార్ అండ్ ప్లేట్ రకం గట్టిది, వేడిని ఎక్కువసేపు భరిస్తుంది, కానీ బరువెక్కువ, వెనకున్న రేడియేటర్‌కి గాలి తక్కువ పోనిస్తుంది. ట్యూబ్ అండ్ ఫిన్ తేలిక, గాలి బాగా వదులుతుంది. నువ్వు ఆగస్టులో టెక్సాస్ ఎండలో లాగేవాడివి కాబట్టి మందం ఎక్కువున్న కోర్ చూసి మురిసిపోకు. ఇంజన్ నీళ్ళ వేడి పెరిగిపోతే ఆ లాభం ఎందుకు? బోల్టులు బండివే సరిపోయేది, చివరి ట్యాంకులు పోత అల్యూమినియంవి, వెల్డింగ్ శుభ్రంగా ఉన్నది తీసుకో. బూట్లు లోపల ఫ్లోరోసిలికాన్ పూత ఉన్నవే కొను, అక్కడ పది డాలర్లు మిగుల్చుకోవద్దు. రేపు కాలిఫోర్నియా మారే ఆలోచన ఉంటే ఆ రాష్ట్రపు వాయు కాలుష్య బోర్డు (కార్బ్) అనుమతి నంబరు ఉందో లేదో ముందే చూసుకో. ఫోర్డ్ 6.7 డీజిల్ బళ్ళ వాళ్ళు చెప్పేది నీకు పనికిరాదు, 2011 నుంచి వాళ్ళది నీళ్ళతో చల్లబరిచే కూలర్, ఆ లెక్కలే వేరు.

బిగించేటప్పుడు ఏసీ గొట్టాలు విప్పకు. కండెన్సర్‌ని మెల్లగా ముందుకి జరిపి తాడుతో కట్టి ఉంచితే చాలు, గ్యాస్ వదిలెయ్యడం చట్టప్రకారం కూడా నేరం. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కింద నుంచి చూడాలి, ఒక్కడివే చెయ్యకు. గొట్టాల చివర్లు నూనె జిడ్డు లేకుండా ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక కొంచెం హెయిర్‌స్ప్రే కొట్టి బూట్ తొడుగు. తొడిగేటప్పుడు జారుతుంది, ఆరాక అంటుకుంటుంది. క్లాంపులు స్ప్రింగ్ ఉన్న టీ బోల్టువి వాడి, కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించు. బలం ఉంది కదా అని బిగిస్తే అంచు బూట్‌ని కోసేస్తుంది. మొదటిసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్ళీ ఒకసారి క్లాంపులు చూడాలి, ఆ పని వాయిదా వేసేవాళ్ళ బూట్లే దారిలో ఊడతాయి.

దాంతోపాటు ట్యూనర్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే పరికరం) పెట్టి డీజిల్ పెంచుదామని రాశావు. కూలర్ అవసరమో కాదో తేలేదాకా దాని జోలికి వెళ్ళకు, అప్పుడు వేడి దేనివల్ల పెరిగిందో నీకూ నాకూ కూడా తెలియదు.

ఆ మూతా, రెగ్యులేటరూ నా గరాజ్‌లో ఉన్నాయి. శనివారం పొద్దున ఎండెక్కకముందే బండి తీసుకొచ్చెయ్, ట్రైలర్ అక్కర్లేదు. ముందురోజు రాత్రి నుంచీ చల్లగా ఉన్న ఇంజన్ కావాలి కాబట్టి శుక్రవారం సాయంత్రమే వచ్చి పడుకున్నా సరే, అత్తయ్యకి చెబుతాను.

మామయ్య