కుందేళ్లు ముందు, కేజ్‌లు తర్వాత

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అల్లుడుగారికి వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయిందనీ, వేసవి సెలవుల్లో కంకిపాడు ఇల్లు ఖాళీ చేస్తున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు పెంచుతున్న కుందేళ్లనీ కేజ్‌లనీ కలిపి ఎవరికో ఒకరికి గంపగుత్తగా ఇచ్చేద్దామని అనుకుంటున్నావట. ఆ పని చెయ్యకు తల్లీ. అలా కొనేవాడి చూపు ఎప్పుడూ ఇనుము మీదే ఉంటుంది, జీవాలు వాడికి కొసరు. వారం తిరిగేసరికి అవి ఎక్కడున్నాయో నీకు తెలియదు. ముందు ఒక్కో కుందేలుకీ మంచి చోటు చూడు. కేజ్‌లు ఎన్నాళ్లయినా ఆగుతాయి.

ఆగనిది ఎండ. కుందేలుకి చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా ఆ పెద్ద చెవుల మీదుగానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే ఆయాసపడుతుంది, 35 దాటాక ప్రయాణం చేయిస్తే ప్రాణం మీదకే వస్తుంది. మగవాటికి ఇంకో చిక్కుంది. ఎండదెబ్బ తగిలితే వీర్యం దెబ్బతిని కొన్ని వారాలపాటు చూడి కట్టించలేవు. మే నెలలో అమ్మావనుకో, కొన్నవాళ్లు పనికిరానిది అంటగట్టావంటారు. సంక్రాంతి ఇప్పుడే వెళ్లింది కాబట్టి ఉగాదిలోపు అన్నీ చేరవలసిన చోటికి చేరేట్టు చూసుకో.

ఇవాళ్టి నుంచే ఆడవాటిని మగవాటితో దాటించడం, అంటే జత కట్టించడం, ఆపెయ్యి. చూడి 30 నుంచి 32 రోజులే కాబట్టి ఇప్పటికే కట్టినవి నెల తిరిగేలోపు ఈనేస్తాయి. పిల్లలు పాలు మాని మేతకి అలవాటుపడటానికి ఇంకో ఐదారు వారాలు పడుతుంది. ఈ లెక్క నీ కుందేళ్ల పుస్తకంలో తేదీలతో సహా రాసుకో. ఈనే ముందు వారంలో మాత్రం తల్లిని కదపొద్దు. పొట్ట కింద బొచ్చు పీక్కుని పెట్టెలో పరుచుకుంటోందంటే ఇక ఈనే సమయం దగ్గరపడింది. అప్పుడు చోటు మారిస్తే బెదిరిపోయి పిల్లల్ని తొక్కేస్తుంది, ఒక్కోసారి తినేస్తుంది కూడా.

ఎవరికైనా చూపించే ముందు ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకో, టార్చిలైటు దగ్గరుంచుకో. చెవి లోపల గోధుమరంగు పొక్కు పొరలుపొరలుగా కట్టి, ముట్టుకుంటే తల విదిలిస్తోందంటే చెవి గజ్జి. వెనక పాదాల అడుగున బొచ్చు ఊడి చర్మం ఎర్రబడిందేమో చూడు, కేజ్ అడుగు తీగ మెష్ మీద ఉండేవాటికి అది వస్తుంది. ముందుకాళ్ల లోపలివైపు బొచ్చు తడిసి ఉండ కట్టిందంటే కారే ముక్కుని కాళ్లతో తుడుచుకుంటోందన్నమాట. పళ్లు మీదవీ కిందవీ సరిగ్గా కలవాలి. అనుమానం ఉన్నదాన్ని వేరే పెట్టి, గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లు. గజ్జికి మందుంది, తగ్గుతుంది. తగ్గాకే అమ్ము. ఏ మందు ఎప్పుడు పడిందో కొన్నవాళ్లకి కాగితం మీద రాసివ్వు. దాచిపెట్టి అమ్మితే నీ ఒక్క కుందేలుతో వాళ్ల షెడ్డంతా అంటుకుంటుంది.

ఏడు ఆడవీ మూడు మగవీ కలిపి యూనిట్ అని అమ్మడం ఈ వ్యాపారంలో అలవాటు. ఇవ్వు, కానీ అన్నాచెల్లెళ్లని ఒక యూనిట్‌లో కట్టకు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అది తెలియదు, రెండు మూడు ఈతలయ్యాక పిల్లలు నీరసంగా పుడుతుంటే కారణం అర్థం కాక టెన్షన్ పడతారు. నీ పుస్తకంలో వాటి తల్లీ తండ్రీ వివరాలున్న పేజీ జెరాక్స్ తీసి చేతిలో పెట్టు. పుట్టిన పిల్లల్ని నువ్వే తిరిగి కొంటావా అని ఎవరైనా అడిగితే కొనను అని ముందే చెప్పు. తిరిగి కొంటామన్న మాట మీద అప్పులు చేసి మునిగినవాళ్లు ఈ రంగంలో చాలామంది ఉన్నారు.

కొనడానికి వచ్చినవాళ్లని నువ్వూ నాలుగు మాటలు అడుగు. షెడ్డు ఎక్కడ, పైన రేకా తాటాకా, కుక్కలూ పిల్లులూ రాకుండా ఏం చేశారు, పచ్చిమేత ఎక్కడి నుంచి వస్తుంది? మాంసానికే తీసుకుంటామంటే వాళ్లని తప్పుపట్టను, ఈ జాతుల్ని పెంచేదే అందుకు. కాకపోతే ఆ మాట ముందే తెలియాలి, ఇంట్లో పిల్లలు పేర్లు పెట్టుకున్నవి వాళ్లకి వెళ్లకూడదు. కుందేళ్లు పెంచితే ఫారెస్టు వాళ్లు కేసు పెడతారని కొందరు భయపడతారు. 1972 వన్యప్రాణి చట్టం కాపాడేది మన చేలల్లో తిరిగే అడవి కుందేలుని. నీ న్యూజిలాండ్ వైట్‌లు, చించిల్లాలు వేరే జాతి, యూరప్ కుందేలు సంతతి. మిగిలిపోతే పొలంలో వదిలెయ్యమని సలహా చెప్పేవాళ్లూ ఉంటారు. వినకు. బోనులో పుట్టినదానికి దాక్కోవడం రాదు, మొదటి రాత్రే కుక్కల పాలవుతుంది.

పంపేటప్పుడు తెల్లవారకముందే బయల్దేరదీయి. గుంటూరు వైపు వెళ్లేవి కాజ టోల్‌గేట్ దగ్గర ఎండలో ఆగకూడదు. మగవాటిని దేనికది విడిగా పెట్టాలి, కలిపితే కరుచుకుంటాయి. చెవులు పట్టి ఎత్తనివ్వకు. మెడ మీద వదులు చర్మం పట్టుకుని, రెండో చెయ్యి పిర్రల కింద ఆనించి ఎత్తాలని చేసి చూపించు. ఇప్పుడు తింటున్న దాణా వారానికి సరిపడా కట్టివ్వు, కొత్తది రోజూ కొద్దికొద్దిగా కలుపుతూ మార్చమను. ఒక్కసారిగా మారిస్తే పారుడు పట్టుకుంటుంది, పిల్లలైతే దక్కవు.

షెడ్డు ఖాళీ అయ్యాక ఇనుము సంగతి. ఆటోనగర్‌లో పాత ఇనుము కిలో ఎంతో, అక్కడే కొత్త కేజ్ చేయించాలంటే ఎంతో కనుక్కో. నీ ధర ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది. మూత్రం పడే మూలల్లో తెల్లటి గార కడుతుంది, సబ్బుకి పోదు. వెనిగర్ పోసి కాసేపు వదిలి గీకితే ఊడుతుంది. తీగల్లో చిక్కిన బొచ్చు మీద గ్యాస్ టార్చి ఆడించు, కానీ ఇనుము ఎర్రబడనివ్వకు, జింకు పూత పోతుంది. అడుగు మెష్‌లో వెల్డింగ్ ఊడినవి వేయించి అమ్ము, ఆ మొన దిగితే పాదాలు పుండవుతాయి. నీళ్లు తాగే నిపుల్స్ ఒక్కోటీ నొక్కి చూసి, కారేవి తీసి పారెయ్యి. గజ్జి వచ్చిన కుందేలు ఈనిన చెక్క పెట్టెల్ని ఎవరికీ ఇవ్వకు, కాల్చెయ్యి. ఆ గజ్జి పురుగు సందుల్లో చాలా రోజులు బతికుంటుంది.

నాలుగేళ్లు దాటిన ఆడవి రెండున్నాయన్నావు. వాటిని ఈతకి పనికొస్తాయని ఎవరికీ అమ్మకు, నాకు పంపెయ్యి. మా పెరట్లో వేపచెట్టు కింద పాత కేజ్ ఖాళీగానే ఉంది. వచ్చే ఆదివారం పెందలాడే ఆటో మాట్లాడుకుని నువ్వే తీసుకురా. పుస్తకం కూడా తెచ్చుకో, ఏది ఎవరికి ఇవ్వాలో కూర్చుని రాసుకుందాం.

మీ పెద్దమ్మ,
గుంటూరు